చివరి పది అడుగులు

ఆయన పోయాడని నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ములుగు రోడ్డు డివైడర్ మీద ఒక ఖాళీ చెప్పింది. పెట్రోలు బంకుకు ఎదురుగా నూరు వరహాల మొక్క ఒకటి ఏదో బండి తగిలి మొదలంటా విరిగిపోయింది. సోమవారం ఆఫీసుకు పోతూ చూశాను. మంగళవారం కూడా ఆ చోటు ఖాళీగానే ఉంది. బుధవారమూ అంతే. గురువారం స్కూటీ పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, ఆ జానెడు గుంత వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ రోడ్డు మీద విరిగిన మొక్క స్థానంలో మర్నాటికల్లా ఇంకో మొక్క లేకపోవడం ఈ మూడేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు. ఆఫీసుకు పోకుండా బండిని కొత్తవాడ వైపు తిప్పాను. గల్లీ మొదట్లోనే తెలిసింది. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగుతూ తాగుతూనే పోయాడట.

ఆయన పేరు మా ఆఫీసు ఫైల్లో ఉంది, ఇంటిపేరుతో సహా. ఇక్కడ రాయను. ఆ పేరు పక్కన ఒకసారి నేను రాసిన ముక్క చాలు.

నేను ఇంజనీర్ని. రోడ్ల మధ్య డివైడర్ల మీద మొక్కలు పెంచే పనులు చూసే విభాగంలో ఉద్యోగం. చదివింది సివిల్, తెలిసింది సిమెంటు. పరకాల పక్క పత్తి చేలల్లో పెరిగినదాన్నే గానీ పూల మొక్కల సోకు మాకెక్కడిది? ఈ విభాగంలో వేసిన కొత్తలో గన్నేరుకూ నందివర్ధనానికీ తేడా నాకు పువ్వు పూస్తే తప్ప తెలిసేది కాదు. తెలియదని ఒప్పుకునే అలవాటు మాత్రం అప్పటికి లేదు. దానికి తోడు ముక్కు మీద కోపం. మా అమ్మ అనేది, "నీ కోపానికి నువ్వే మొగుడివి" అని.

ఆరేళ్ళ కిందట ఆయనను మొదటిసారి చూసింది కూడా ఆ కోపంలోనే. అప్పుడాయన ఎవరో కాంట్రాక్టరు కింద కూలీ. కాలేజీ ముందు బస్టాపు దగ్గర డివైడర్ మీద మూడడుగుల మేర మొక్కలు లేవు. మొక్కలకు బదులు మట్టిలోకి అమర్చిన నున్నటి షాబాదు బండ ఉంది. నా చేతిలోని డ్రాయింగులో జానెడుకో మొక్క ఉండాలి.

"ఈ బండ ఎవరేసిండ్రు?" అని అరిచాను.

కుదురులో కూర్చుని కలుపు తీస్తున్న మనిషి తలెత్తాడు. బక్కపలచని ఒళ్ళు, నెరిసిన గడ్డం, నడుముకు తుండుగుడ్డలా చుట్టుకున్న పొడుగాటి తాడు. "నేనే ఏసిన బిడ్డా," అన్నాడు.

"ఎవర్నడిగి ఏసినవ్?"

"మంది అడిగితె ఏసిన. నోటితోని అడగలే, కాళ్ళతోని అడిగిండ్రు." లేచి నిలబడి బస్టాపు చూపించాడు. "అదుగో, ఆడ బస్సు దిగుతరు. ఇగో, ఈడికెల్లే కాలేజికి పోతరు. ఈడ మూడుమాట్ల చెట్లు పెట్టిండ్రు, మూడుమాట్ల తొక్కిండ్రు. తొవ్వ మీద చెట్టు పెడితె చెట్టు పోతది గని తొవ్వ పోదు."

నేను వింటే కదా. అదే రోజు బండ తీయించి, నా కళ్ళ ముందే నాలుగు మొక్కలు పెట్టించాను. ఆయనే పెట్టాడు, నీళ్ళు కూడా పోశాడు. పదిహేను రోజుల్లో నాలుగూ నేలమట్టమయ్యాయి. ఆ మరునాడు చూస్తే బండ మళ్ళీ అక్కడే ఉంది. ఎవరు వేశారని ఈసారి అడగలేదు. తల తిప్పుకుని పోయాను.

ఆ నడుము తాడు గురించి చెప్పాలి. ఆయన టేపు ముట్టేవాడు కాదు. తాడుకు జానెడు జానెడు దూరంలో ముడులు, ఒక్కో ముడికి ఒక్కో రంగు. ఎర్ర ముడి పడినచోట నూరు వరహాలు, పచ్చ ముడికి నందివర్ధనం, నీలానికి కాగితం పూలు. తాడు నేల మీద పరిచి వరుసగా పెట్టుకుంటూ పోవడమే. టేపు ఇస్తానని అడిగితే వద్దన్నాడు.

"టేపు అబద్ధమాడదు బిడ్డా. గని దానికి యాదుండది. ఈ తాడుకు యాదుంటది, ఏడ ఏముండాల్నో."

అది మగ్గం అలవాటు. వయసులో ఉన్నప్పుడు ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే గల్లీలో సగం మంది తలో దారి పట్టారు. ఈయనా, ఈయన ఇంటిపేరువాళ్ళూ కలిపి పన్నెండిళ్ళ వాళ్ళు గడ్డపార పట్టి డివైడర్లు ఎక్కారు. ఆయన దృష్టిలో పెద్దగా మారింది లేదు. సన్నగా, పొడుగ్గా ఉండే ఒక బట్ట, దాని మీద రంగులు. తెగిన పోగును ఆ పూటే అతకకపోతే పక్క పోగు వదులవుతుందనేవాడు. అందుకే చచ్చిన మొక్కను మరునాటి దాకా ఉండనిచ్చేవాడు కాదు.

ఆయనకు కొన్ని చేష్టలుండేవి. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసేవాడు కాదు. అరచెయ్యి ముందుకు చాపి, ఎద్దును ఆపినట్టు ఆపి, నడిచిపోయేవాడు. ఆర్టీసీ బస్సులు కూడా ఆగేవి, ఎందుకు ఆగేవో డ్రైవర్లకే తెలియాలి. సాయంత్రం లైట్లు వేసే వేళకు ఎదురు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని వచ్చే బండ్ల వంక కళ్ళు చికిలించి చూసేవాడు. ఒకసారి ఎండదెబ్బ తగిలిందేమోనని దగ్గరికి పోయాను. ఎదుటి బండి లైటు కంట్లో పడకుండా ఉండాలంటే పొద ఎంత ఎత్తుండాలో చూస్తున్నాడట. యూ టర్నుల దగ్గర మాత్రం మోకాలి ఎత్తు దాటనిచ్చేవాడు కాదు. "స్కూటీ మీద నువ్వస్తాంటె లారీవోనికి కనవడాలె గదా" అన్నాడు. ఆ లెక్క నా డ్రాయింగులో లేదు. ఏ పుస్తకంలోనైనా ఉందేమో, నేను మాత్రం చదవలేదు.

అప్పటికి కొంచెం చనువు పెరిగి కాకా అనడం మొదలుపెట్టాను. "చెట్లతోని మాట్లాడుతవా కాకా?" అని ఆటపట్టించాను ఒకరోజు.

"ఎందుకు? వాటికేం పని లేదా?" అన్నాడు.

మూడేళ్ళ కిందట ఆ నాలుగు కిలోమీటర్ల డివైడర్ పని మూడేళ్ళకు కలిపి ఒక్కరికే ఇవ్వాలని టెండరు పిలిచాం. అందులో కొత్తగా రెండు నిబంధనలు వచ్చాయి. కూలీల సంఘాలు కూడా టెండరు వేయవచ్చు. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళందరూ తలా వంద మీటర్లు నమూనాగా నాటి, మూడు నెలలు పెంచి చూపించాలి. నమూనా పూర్తి చేయనివాళ్ళు పోటీలో ఉండరు. ఆ పన్నెండిళ్ళవాళ్ళూ సంఘంగా టెండరు వేశారు. సంతకం ఆయనది. అంతదాకా వాళ్ళు ఎప్పుడూ ఇంకొకరి పేరు కింద తవ్వినవాళ్ళే.

కాగితాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు, "ఇప్పుడు బోర్డు మీద మీ పేరుంటది కాకా," అన్నాను.

"బోర్డు ఏం జేసుకుంటం బిడ్డా. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మమ్ముల ఇంకో రోడ్డుకు తోలుతాండ్రు. చెట్టు జర మొగులు దిక్కు చూసే యాళ్ళకు మేం ఇంకోతాన ఉంటం. మూడేండ్లు ఒక్కతాన ఉండనియ్యి, గదే సాలు."

ఆయన కోరింది అంతే, పెట్టిన మొక్క దగ్గర మూడేళ్ళు ఉండడం. పన్నెండిళ్ళు ఆ ఒక్క సంతకం మీద ఆశ పెట్టుకున్నాయి.

నమూనాలు చూసే రోజు టెండరు వేసినవాళ్ళెవరూ అక్కడ ఉండకూడదని నియమం. మా పెద్ద సారుకు ఎండ పడదు. జీపులో కూర్చుని, "మీరు చూసి రాయండి మేడం, నేను సంతకం పెడతా," అన్నారు. మూడు నమూనాలు చూశాను. ఆయనది ఆఖరుది. మొదటి మొక్క దగ్గర నిలబడి చూస్తే చివరిదాకా ఒక్కటే గీత. వంకర లేదు, ఎండిన ఆకు లేదు. ఎరుపు, తెలుపు, ఊదా రంగులు పరిచిన జంపఖానాలా వస్తున్నాయి. నాకు తెలియకుండానే నడక నెమ్మదించింది. నా మనసులో మార్కులు అప్పుడే పడిపోయాయి.

అట్లా నడుస్తూ చివరికి వచ్చేసరికి పది అడుగులు ఖాళీ. మొక్క లేదు. ఎండుటాకులు, వరిగడ్డి, పైన ఒక తడి గోనెపట్ట. చూడగానే చెత్త అనుకున్నాను. మొక్కలు చాలక వదిలేశారనుకున్నాను. చేతగానివాడి మీద నాకు అంత కోపం రాదు. ఇంత బాగా చేసిన మనిషి చివర్లో చేతులెత్తేశాడే అని ఒళ్ళు మండిపోయింది. ఫోటో తీశాను. కాగితం మీద రాశాను: "చివరి పది అడుగులు నాటలేదు. చెత్త వేసి ఉంది. పని అసంపూర్తి." జీపు దగ్గరికి పోయి ఇస్తే సారు చదవకుండానే సంతకం పెట్టారు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టిందేమో.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాం. అభ్యంతరాలకు వారం గడువు. రెండో రోజు ఆయన ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. మా ఆఫీసులో చెప్పులు విడిచే మనిషి ఆయనొక్కడే.

"బిడ్డా, మా పేరు లేదంటాండ్రు. ఏం తక్కువైందో తెలుసుకుందామని అచ్చిన."

నా ఫోన్లో ఫోటో తీసి ముందు పెట్టాను. "ఇది కాకా. చివర పదడుగులు ఖాళీ."

ఆయన ఫోన్ దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూశాడు. ముఖంలో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

"ఖాళీ ఏడున్నది బిడ్డా? అన్ని అండ్లనే ఉన్నయి గదా."

"ఏమున్నయ్? ఆకులున్నయ్."

"ఆకులు ఎత్తి చూడలేదా?"

ఫోన్ వెనక్కి తీసుకున్నాను. "జర అస్తవా, చూపెడ్త," అన్నాడు. స్కూటీ వెనక ఎక్కించుకుని తీసుకుపోయాను. దారి పొడుగునా ఆయన తల మొక్కల వైపే తిరిగి ఉండడం అద్దంలో కనబడుతూనే ఉంది.

అక్కడికి పోయాక మోకాళ్ళ మీద కూర్చుని గోనెపట్ట తీశాడు, తర్వాత గడ్డి, తర్వాత ఆకులు. రెండు చేతులతో, నిద్రపోయే పిల్లల మీది దుప్పటి తీసినట్టు తీశాడు. కింద తడి ఇసుకలో బెత్తెడు బెత్తెడు కొమ్మలు వరుసగా గుచ్చి ఉన్నాయి. వందల్లో ఉంటాయి. ప్రతి కొమ్మకూ చిన్న చిగురు. ప్రతిదానికీ ఒక రంగు దారపు ముక్క. ఎరుపు, పచ్చ, నీలం. వంద మీటర్లలో ఏ వరుస ఉందో ఆ పది అడుగుల్లో అదే వరుస ఉంది. ఒక కొమ్మను మెల్లగా పైకి లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. తెల్లటి వేళ్ళు, వెంట్రుకల్లా.

నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ క్షణం గురించి అబద్ధమాడలేను. తప్పు చేశానన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే. కళ్ళ ముందు అంత పెద్ద పని అంత మౌనంగా దాక్కుని ఉండడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఎందుకు కాకా ఇదంత?"

"మగ్గం మీద బట్ట అయిపోతది గదా. బట్ట కోసుకుంటం. గని పోగులన్ని కొయ్యం. మూరెడు పాత పోగులు మగ్గానికే ఇడిచిపెడ్తం. కొత్త పోగులు అచ్చినంక, ఒక్కో పాత పోగు కొసకు ఒక్కో కొత్త పోగు అతుకుతం. మొత్తం కోసేస్తె మల్ల మొదటి సంది ఎక్కియ్యాలె, పానం పోతది." తీసిన కొమ్మను మళ్ళీ దాని చోట గుచ్చాడు. "పని ఎన్నడు కొస దాక అయిపోగొట్టద్దు బిడ్డా. ఎనుక అచ్చేటోడు అతుక్కునేటందుకు జరంత ఉంచాలె. రేపు ఆ వరుసల ఒక చెట్టు సస్తె, గసొంటిదే, గంత వయసుదే ఏడ దొరుకుతది? ఈడ దొరుకుతది."

"కాంట్రాక్టు వేరేవాళ్ళకు వస్తే?"

"వాళ్ళకే పనికస్తది. వాళ్ళు మాత్రం ఏడికెల్లి తెస్తరు?"

"పోటీవాళ్ళు కదా కాకా."

"పోటీ మాకు. చెట్లకేం పోటీ?"

నాకు కోపమొచ్చింది, ఈసారి ఏడుపుతో కలిసి. "మరి ఇది కాగితం మీద ఎందుకు రాయలేదు? ఒక్క ముక్క రాస్తే నేను చూసేదాన్ని కదా."

ఆయన నా వంక వింతగా చూశాడు. "ఇది రాసే ముచ్చటనా బిడ్డా? అందరికి ఎరుకే గదా."

కొత్తవాడలో అందరికీ ఎరుకే. ఆ గల్లీలో పుట్టిన ఎవరైనా చివర కొంచెం వదిలిన పనిని చూస్తే పూర్తయిన పని అనుకుంటారు. ఆయన లోకం ఆ గల్లీ అంత. నా లోకం డ్రాయింగు అంత. ఆయన మళ్ళీ ఆకులు కప్పుతూ, అది తప్ప ఇంకేం గొడవ లేనట్టు, "మా ఇంటామె పన్నెండడుగులు ఇడువుమన్నది. కాయితప్పూల కొమ్మలు సగం సస్తయంటది. నేనే పది సాలన్న. ఇప్పుడు చూస్తె ఆమెదే నిజమైతట్టున్నది," అన్నాడు.

అభ్యంతరం రాసి ఇమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆకుల కింద చెట్లున్నయని నేను రాస్తె, ఓడిపోయినోడు ఏదన్న రాస్తడంటరు. ఇప్పుడు నువ్వే చూసినవ్ గదా. నువ్వు రాసిందాన్ని నువ్వే సరిజేస్తె సరిపాయె." అడుక్కోలేదు, నిష్ఠూరమాడలేదు. దారి చెప్పాడు, అంతే.

ఆ సాయంత్రమే టైపు చేశాను. మూడు వాక్యాలు. నమూనా చివరి పది అడుగుల్లో ఆకుల కింద మొక్కల నారు ఉందని, నేను ఆకులు ఎత్తి చూడలేదని, నా నివేదిక తప్పని. ప్రింటు తీసి సంతకం పెట్టాను. పెద్ద సారు గది మా గదికి ఇరవై అడుగుల దూరం. ఆ కాగితం నా డ్రాయరు దాటలేదు. భయమా అంటే, భయం కన్నా ఎక్కువ పొగరు. మొక్కల ముచ్చట తెలియని సివిల్ మేడం అని వెనక నవ్వేవాళ్ళు ఇద్దరున్నారు ఆఫీసులో. వాళ్ళ నవ్వు తలచుకుంటూ ఒక రోజు, పెద్ద సారు మీటింగులో ఉన్నారని ఇంకో రోజు, ఆదివారమని మరో రోజు. వారం గడిచిపోయింది. ఎనిమిదో రోజున పని ఇంకొకరికి ఇచ్చాం. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ నమూనా నిండా మొక్కలున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న సామెత అందరూ వాడతారు. నాకు మాత్రం ఆ ఆకులు ఏ రోడ్డు మీద ఉన్నాయో కూడా తెలుసు.

ఆ తర్వాత ఆయన చేసింది చెబితే మీరు నమ్మకపోవచ్చు. పన్నెండిళ్ళవాళ్ళనూ తీసుకుపోయి, ఆ గెలిచిన కాంట్రాక్టరు కిందనే కూలీకి చేరాడు, ఆ రోడ్డు మీదనే ఉండడానికి. వేరే పేరు రాసిన ఆరెంజి జాకెట్టు వేసుకుని, అదే తాడు నడుముకు చుట్టుకుని, అదే డివైడర్ ఎక్కాడు. మిగతా రోడ్డంతా తన వరుసలోనే నాటాడు. ఆ పది అడుగుల మడి అట్లాగే ఉంచాడు. కొమ్మలు అయిపోతుంటే కొత్తవి గుచ్చాడు. ఒకసారి లారీ డివైడర్ ఎక్కి నలభై అడుగుల మేర మొక్కలన్నీ తుడిచిపెట్టేసింది. మరునాడు పొద్దున్నే ఆ చోటు నిండిపోయింది. అక్కడ ఏదో జరిగిందని ఆ దారిన పోయేవాళ్ళెవరూ గుర్తుపట్టి ఉండరు. చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టు కనబడడమే ఆయన పని.

నేను రోజూ ఆ దారినే పోయేదాన్ని. పోతూ పోతూ ఖాళీలు వెతికేదాన్ని. ఒక్కటీ దొరికేది కాదు. నాకు అదొక మొక్కులాగా అయిపోయింది.

ఒక ఎండాకాలం పొద్దున సిగ్నల్ దగ్గర కనబడ్డాడు, ట్యాంకరు పైపు పట్టుకుని. ఈ రోజు చెప్పేయాలని ధైర్యం తెచ్చుకుని, "కాకా, ఆ రోజు నేను ఆ కాగితం..." అన్నాను.

ఆయన నా ముందు చక్రం వంక చూస్తున్నాడు. "బిడ్డా, టైర్ల గాలి తక్కువున్నది. ముందుగల్ల కొట్టిచ్చుకో," అన్నాడు. పచ్చ లైటు పడింది. బంకుకు పోయి చూపిస్తే నిజంగానే గాలి తక్కువ ఉంది.

ఆ గురువారం కొత్తవాడలో వాళ్ళ ఇంటికి పోయినప్పుడు ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను అంతకు ముందు రోడ్డు మీద పార పట్టుకుని ఉండగా చూశానే తప్ప మాట్లాడింది లేదు. ఏం అనాలో తెలియక, "నాలుగు రోజుల నుంచి అక్కడ ఖాళీ ఉంటే అనుమానమొచ్చింది చిన్నమ్మా," అన్నాను. చావింట్లో అనే మాటేనా అది?

ఆమె మాత్రం తల ఊపింది. "నువ్వు చూస్తవని ఎరుకే. నీ బండి పోయే యాళ్ళకు ముందే పెడుతుండె. ఖాళీ కనవడితె ఆ బిడ్డ మనసు కరాబు చేసుకుంటది, పొద్దుగాల్లనే పెట్టాలె అంటుండె."

మూడేళ్ళు ఆ దారిన పోతూ నేను ఆయనను గమనిస్తున్నాననుకున్నాను. నా చేతి కింద నలిగిన మనిషి, నా తప్పు నా కంట పడకుండా మూడేళ్ళు రోజూ నాకన్నా ముందు లేచాడు. ఇంత పెద్ద మనసు పక్కన నేను మూడు వాక్యాల కాగితం ఇరవై అడుగులు మోయలేకపోయాను.

"మేం పన్నెండిండ్లోళ్ళం ఒక్క ఇంటిపేరోళ్ళమే. అందరికి మైలనే," అంది ఆమె. "పదకొండొద్దుల దాక చెట్టు ముట్టద్దు. గందుకే ఉన్నది ఆ ఖాళీ. నువ్వు పెట్టరాదు?"

"నాకు రాదు చిన్నమ్మా."

"ఎర్ర దారం ఉన్నది తీసుకో. ఏర్లకు మట్టి ఉండనియ్యి. గంతే."

పోయాను. రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. గోనెపట్ట, గడ్డి, ఆకులు ఒక్కొక్కటే ఎత్తాను. ఎర్ర దారమున్న మొక్కను మట్టితో సహా తీసి, పెట్రోలు బంకు ఎదుటి గుంతలో పెట్టి, నా సీసాలోని నీళ్ళు పోశాను. ఇంజనీరుగా తొమ్మిదేళ్ళలో నా చేత్తో నాటిన మొదటి మొక్క అదే. కొంచెం వంకరగా వచ్చింది.

గడువు అయిపోవడంతో మళ్ళీ టెండరు పిలిచాం. నిబంధనలు రాసే పని నాదే. ఈసారి ఒకటి చేర్చాను: నమూనా చివర పది అడుగులు నారు కోసం వదలాలి, చూసే అధికారి ఆకులు ఎత్తి చూడాలి. టెండరు వేసేవాళ్ళ సందేహాలు తీర్చే మీటింగు పెట్టినప్పుడు ముందు వరుసలో ఒకాయన లేచి, "మేడం, ఈడ ఏదో తప్పు పడ్డది. చివర ఖాళీ ఉంచుమని ఉన్నది," అన్నాడు.

"తప్పు అది కాదు. తప్పు పోయినసారి పడ్డది. నేనే చేసిన," అన్నాను. డ్రాయరులో మూడేళ్ళున్న కాగితాన్ని వెంట తెచ్చుకున్నాను. మూడు వాక్యాలూ చదివాను. పెద్ద సారు పక్కకు వంగి, "ఇదంతా మినిట్స్‌లో అవసరమా మేడం?" అని అడిగారు.

"అవసరమే సార్. నా పేరుతోటే రాయించండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని నేను భయపడిన ఇద్దరూ బల్ల వంక చూస్తూ కూర్చున్నారు. ఇంత సులువైన పనా ఇది అని నా మీద నాకే అసహ్యం వేసింది.

వెనక వరుసలో ఆ పన్నెండిళ్ళ తరఫున ఆయన భార్య వచ్చి కూర్చుంది. ఈసారి సంతకం ఆమెది. పని ఎవరికి వస్తుందో నాకు తెలియదు, నమూనాలు చూడాలి, నేనే పోయి చూస్తాను. మీటింగు అయిపోయి అందరూ లేస్తుండగా ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి.

"బిడ్డా, పది సాలదు. పన్నెండు పెట్టు. కాయితప్పూల కొమ్మలు సగం సస్తయి. ఆయినకు ఎంత చెప్పిన ఇనకపాయె."

పెన్ను తీసి పది కొట్టేసి పన్నెండు రాశాను.